గాలివానకు ముందు కుపోలా దగ్గర చూసుకోవాల్సినవి

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో చేపల కూర ఎంత గ్యారంటీనో, ఆ వారంలో గాలివానకు కరెంటు పోవడమూ అంతే గ్యారంటీ. ఇంట్లో అయితే ఫ్యాన్ ఆగుతుంది, అంతే. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో కుపోలా (పోత పోయడానికి ఇనుమును కరిగించే నిలువు కొలిమి) నడుస్తుండగా పోతే మాత్రం టెన్షనే.

అందరూ కరుగు (కరిగిన ఇనుము) చల్లబడిపోతుందని కంగారు పడతారు. అసలు భయపడాల్సింది గ్యాస్‌కి. కుపోలా బ్లాస్ట్ ఫర్నేస్‌కు తమ్ముడి లాంటిది. కోక్ (బొగ్గు నుంచి చేసిన ఇంధనం) మండితే ముందు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఎర్రగా కాలిన కోక్ మీదుగా పైకి పోతూ కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పిలుచుకునే పెద్ద ఫర్నేసుల్లో ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసి ఇనుమును బయటపెట్టేది ప్రధానంగా ఈ గ్యాసే. మనం కరిగించేది స్క్రాపూ పిగ్ ఐరనూ (ఖనిజం నుంచి ముందే తీసిన ఇనుప దిమ్మలు) కాబట్టి మనకు దాంతో పెద్దగా పని లేదు. అయినా అది పుట్టక మానదు.

కరెంటు పోయి, కుపోలాలోకి గాలి కొట్టే బ్లోయర్ ఆగినా కోక్ ఎర్రగానే ఉంటుంది. తోసే గాలి లేక గ్యాస్ ట్వీర్ల (కుపోలాలోకి గాలి వెళ్లే రంధ్రాలు) గుండా వెనక్కి, వాటికి గాలి పంచే విండ్ బాక్స్‌లోకీ బ్లోయర్ పైపులోకీ చేరుతుంది. కరెంటు రాగానే స్విచ్ నొక్కారా, గాలీ గ్యాసూ కలిసి ఢామ్మంటుంది. మా షెడ్‌లో ఒకసారి ఇలాగే పైపు జాయింటు ఊడి రేకు గోడకు కొట్టుకుంది. అదృష్టం, అటువైపు ఎవరూ లేరు. వంకర తిరిగిన ఆ రేకు ఇప్పటికీ ప్యానెల్ బోర్డు పక్కన మేకుకు వేలాడుతోంది, కొత్త కుర్రాళ్లకు చూపించడానికి. కాబట్టి బ్లోయర్ ఆగిన మరుక్షణం ట్వీర్ మూతలు తెరవండి. మళ్లీ నడిపేటప్పుడు మూతలు తెరిచే ఉంచి, పైపులో ఉన్నది గాలితో బయటికి పోయాకే మూయండి.

ఇక తడి. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతాయి. 1,400 డిగ్రీల ఇనుము కింద గరిటెడు నీళ్లు చిక్కినా చాలు, కరుగు చిమ్ముతుంది. పని అయ్యాక కుపోలా అడుగు తలుపులు తెరిచి, మిగిలిన వేడి సరుకును కింద పడేసే చోట చెమ్మ ఉందేమో చూడండి. వాన నీళ్లు చేరేది సరిగ్గా అక్కడే. లాడిల్ (కరుగును మోసే పాత్ర) పైకి వెచ్చగా తగిలితే చాలదు, పూత లోపలి తడి పోవాలంటే ఎర్రబడేదాకా కాల్చాలి. స్క్రాప్‌లో రెండు వైపులా మూసుకుపోయిన పైపు ముక్కలుంటే పక్కన పడేయండి, లోపల ఏముందో ఎవరికి తెలుసు? కోక్ మీద టార్పాలిన్ తప్పదు. మలినాలను తెట్టుగా తీయడానికి వేసే సున్నపురాయి తడిస్తే ఇబ్బంది తక్కువే. కాల్చిన సున్నం వాడేవాళ్లు మాత్రం సంచులు తడవనివ్వకండి, నీళ్లు తగిలితే అదే సలసలా కాగిపోతుంది.

జల్లు కొడుతోందని ఛార్జింగ్ ప్లాట్‌ఫారం (కుపోలాలోకి సరుకు వేసే పై అరుగు) చుట్టూ పట్టాలు కట్టేస్తారు చూడండి, అది వద్దు. గ్యాస్ పోయే దారి ఉండాలి. దానికి వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వేడికే అనుకుని నీళ్లు తాగి మళ్లీ ఎక్కకండి, కిందికి దిగి బయటి గాలిలోకి రండి. పైన ఎవరైనా పడిపోతే ఒంటరిగా పరుగెత్తొద్దు. వెళ్లినవాడూ అక్కడే పడతాడు. 108కి ఫోన్ చేసి, గాలి సరఫరా ఉండే మాస్క్ పెట్టుకున్నవాళ్లే ఎక్కాలి. ముక్కుకు కట్టిన తడి తువ్వాలు ఈ గ్యాస్‌ను ఆపదు.

జనరేటర్ ఉందిగా అనేవాళ్లు, అది బ్లోయర్ మోటారును లాగుతుందో లేదో ఈ వారమే మెయిన్ ఆపి చూసుకోండి. ఖాళీ కుపోలా మీదే సుమా.