జిల్లాలవారీ క్యాన్సర్ మరణాల రేటు: లెక్క కట్టే పద్ధతి, తప్పు దొర్లే చోట్లు

అమెరికాలో 2014 సంవత్సరానికి కౌంటీలవారీగా (కౌంటీ అంటే అక్కడి జిల్లాలాంటిది) క్యాన్సర్ మరణాల రేటు కడితే అన్నిటికంటే పైన తేలింది ఫ్లోరిడాలోని యూనియన్ కౌంటీ: లక్ష జనాభాకు 503. అడుగున కొలరాడోలోని సమిట్ కౌంటీ: 71కి కాస్త తక్కువ. ఏడు రెట్ల తేడా. యూనియన్ కౌంటీ నీళ్లలోనో గాలిలోనో ఏదో ఉందని పరుగెత్తే ముందు చూడాల్సిన సంగతి ఒకటుంది. రాష్ట్రం నలుమూలల నుంచి జబ్బుపడ్డ ఖైదీలను తెచ్చి ఉంచే జైలు ఆసుపత్రి ఆ చిన్న కౌంటీలోనే ఉంది.

మన హైదరాబాద్ రెడ్ హిల్స్ కథా ఇలాంటిదే. అక్కడి ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఆసిఫాబాద్ నుంచీ వస్తారు, అలంపూర్ నుంచీ వస్తారు, బీదర్, నాందేడ్‌ల నుంచీ వస్తారు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. కాబట్టి నమోదైన మరణాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకుని జిల్లా జనాభాతో భాగించారంటే, హైదరాబాద్ ఎర్రగా, కొమురం భీం జిల్లా పచ్చగా ఒక పటం వస్తుంది. ఆ పటం చూపించేది ఆసుపత్రులు ఎక్కడున్నాయో అంతే. కింది పద్ధతి ఆ పొరపాటును, దాని వెంటే వచ్చే మరికొన్నిటినీ తప్పించడానికి.

ముందు మరణాల జాబితా

తెలంగాణ జనన మరణాల చీఫ్ రిజిస్ట్రార్ కార్యాలయాన్నో జిల్లా అధికారులనో అడిగినా, ఆర్టీఐ పెట్టినా, జిల్లాలవారీ మొత్తాలు అడక్కండి. ఒక్కో మరణం ఒక్కో వరుసగా, పేర్లూ చిరునామాలూ లేకుండా అడగండి. కావలసిన కాలమ్‌లు: మరణించిన సంవత్సరం, వయసు, ఆడ/మగ, మరణించిన చోటు, మామూలుగా నివసించే జిల్లా, మండలం, మరణ కారణం కోడ్, కారణాన్ని డాక్టర్ ధ్రువీకరించారా లేదా. పీడీఎఫ్ వద్దనీ ఎక్సెల్ షీట్ కావాలనీ అర్జీలోనే రాయండి. లేకపోతే స్కాన్ చేసిన కాగితాలు వస్తాయి, వాటిని టైపు చేయడంలోనే నెల గడిచిపోతుంది.

నివాసం వివరం మరణ నివేదిక ఫారం 2లో గణాంకాల భాగంలో ఉంటుంది. పొగతాగడం, పొగాకు నమలడం, వక్క, మద్యం ఎన్నేళ్లుగా అలవాటన్న ప్రశ్నలూ అక్కడే ఉంటాయి. చిక్కేమిటంటే, ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఫారం నింపేటప్పుడు చాలామంది అప్పటికి తలదాచుకున్న బంధువుల ఇంటి అడ్రస్ చెబుతారు. ఎర్రగడ్డలోనో ఎల్బీ నగర్‌లోనో అద్దెకున్న కొడుకు ఇల్లు తండ్రి నివాసమై కూర్చుంటుంది. దీన్ని పూర్తిగా సరిదిద్దలేం. కానీ ఎంతుందో అంచనా కట్టవచ్చు: ఓ యాభై, వంద కేసుల్లో ఫారంలోని అడ్రస్‌ను, ఆరోగ్యశ్రీ కేసు కాగితాల్లో ఉన్న ఊరితో పోల్చే ఏర్పాటు ఆసుపత్రి రికార్డుల విభాగంతో మాట్లాడి చేయించుకోండి. పదింట ఒకటి తప్పితే సర్దుకోవచ్చు. పదింట మూడు తప్పితే హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల రేట్లను విడివిడిగా ప్రకటించకండి.

ఎదురు దిశలో జారిపోయే మరణాలూ ఉంటాయి. వైద్యానికి ఆదిలాబాద్ వాళ్లు నాగపూర్, ఖమ్మం వాళ్లు విజయవాడ, గద్వాల వాళ్లు కర్నూలు వెళ్తుంటారు. అక్కడ పోతే నమోదూ అక్కడే. మన జాబితాలో ఆ పేరే ఉండదు. సరిహద్దు జిల్లాల రేటు తక్కువగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

కోడ్‌లు చూసే తీరు

మరణ కారణాలకు వాడే అంతర్జాతీయ జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10. అందులో క్యాన్సర్ అంటే సి00 నుంచి సి97 వరకు. డి అక్షరంతో మొదలయ్యేవి కలపొద్దు. వాటిలో ప్రాణాంతకం కాని గడ్డలూ ఉంటాయి. మరణ కారణ ధ్రువపత్రం ఆసుపత్రుల్లో ఫారం 4, ఇంటి దగ్గర పోయినవారికి ఫారం 4ఎ. రెండింటిలోనూ మొదటి భాగంలో ఎ, బి, సి అని వరుసలుంటాయి. చివరగా ప్రాణం తీసింది పైన, దానికి మూలమైంది అట్టడుగున రాయాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మనిషి న్యుమోనియాతో పోతే ఎ వరుసలో న్యుమోనియా, దాని కింద క్యాన్సర్. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, ఆ మరణం గుండె జబ్బుల ఖాతాలోకో, కారణం తెలియనివాటిలోకో పోతుంది. గుండె ఆగకుండా ఎవరూ పోరు కదా, అది కారణమే కాదు.

జాబితా చేతికి రాగానే ఈ కోడ్‌లు ఎన్నున్నాయో జిల్లాలవారీగా లెక్కపెట్టండి: సి80 (ఎక్కడ మొదలైందో తెలియని క్యాన్సర్), సి76 (ఏ అవయవమో సరిగా చెప్పనిది), సి55 (గర్భాశయంలో ఏ భాగమో రాయనిది). సి55 ఎక్కువగా ఉన్న జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సి53 తక్కువగా కనబడుతుంది. తగ్గిందని సంబరపడొద్దు. అది పక్క గడిలో ఉంది. కాలేయ క్యాన్సర్ దగ్గర ఇంకో మెలిక: వేరేచోట మొదలై కాలేయానికి పాకినది సి78.7, కాలేయంలోనే పుట్టింది సి22. ‘లివర్ క్యాన్సర్’ అని పొట్టిగా రాస్తే మొదటిది కూడా రెండోదాని కిందికే చేరుతుంది. సి22 ఎక్కడైనా ఉన్నట్టుండి ఎగబాకితే, ధ్రువపత్రాలు ఓ ఇరవై తీయించి చూడండి.

ఇక అసలు పెద్ద కన్నం ధ్రువీకరణే. దేశం మొత్తమ్మీద 2020లో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. ‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’ అని చెప్పించుకుని ఊరికి వెళ్లి కన్నుమూసిన మనిషికి పంచాయతీ కార్యదర్శి రిజిస్టర్‌లో వృద్ధాప్యమనో అనారోగ్యమనో పడుతుంది. అందువల్ల జిల్లా రేటు పక్కనే ఆ జిల్లా ధ్రువీకరణ శాతం రాయడం నియమంగా పెట్టుకోండి. ధ్రువీకరణ సగమైనా లేనిచోట క్యాన్సర్ రేటు తక్కువని చెప్పే హక్కు మనకు లేదు.

ఆ కన్నం పూడ్చాలంటే మౌఖిక శవపరీక్ష ఒక్కటే దారి. ఇంటివాళ్లను అడిగి కారణం రాబట్టడం అన్నమాట. ఎంపిక చేసిన ఊళ్లలో, చనిపోయి ఏడాది దాటని కేసులకే చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ జ్ఞాపకం మసకబారుతుంది. ‘క్యాన్సర్ ఉండేనా?’ అని నేరుగా అడిగితే చాలా ఇళ్లలో లేదనే అంటారు. గడ్డ లేచిందా, పుండు మానలేదా, ముద్ద మింగుడు పడలేదా, ఎన్నాళ్లలో మనిషి సన్నబడ్డారు, రెడ్ హిల్స్ చీటీలేమైనా ఉన్నాయా అని అడగాలి. ‘కరెంటు పెట్టించారా?’ అన్న ఒక్క ప్రశ్న చాలాసార్లు పని తేల్చేస్తుంది. రేడియేషన్‌కు ఊళ్లో మాట అదే.

జనాభా: హద్దులే తలనొప్పి

2011 జనగణన నాటికి తెలంగాణలో పది జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33. మధ్యలో 2014లో పాత ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారింది. అంటే 2015 షీట్‌లో ‘వరంగల్’ వేరు, 2022 షీట్‌లో ‘వరంగల్’ వేరు. పేరు చూసి రెండు షీట్లు కలిపేస్తే ఎక్సెల్ కిమ్మనదు, లెక్క మాత్రం మట్టిపాలు. జిల్లా పేరుతో కాక మండలం కోడ్‌తో కలపండి.

వయసులవారీ జనాభాకు జనగణన సి-14 పట్టిక పనికొస్తుంది. ఐదేళ్ల తరగతులు, ఆడ మగ, పల్లె పట్టణం విడివిడిగా ఉంటాయి. కానీ అది పాత జిల్లాలకే. కొత్త జిల్లాకు ఇలా చేయండి: మండలాల పల్లె జనాభా, పట్టణ జనాభా వేర్వేరుగా కూడండి. పాత జిల్లా పల్లె వయసు నిష్పత్తులను పల్లె మొత్తానికి, పట్టణ నిష్పత్తులను పట్టణ మొత్తానికి వర్తింపజేసి, రెండూ కలపండి. తర్వాత కావలసిన సంవత్సరానికి పెంచుకోండి. ఇది అంచనాయే. తర్వాతి జనగణన లెక్కలు చేతికొచ్చేదాకా ఇంతకంటే మెరుగైన దారి లేదు.

హైదరాబాద్ దగ్గర ఇంకో బోల్తా ఉంది. 2011లో జిల్లా జనాభా 39.4 లక్షలు. అదే జీహెచ్ఎంసీ పరిధి అయితే 67 లక్షల పైచిలుకు. కార్పొరేషన్ నమోదు చేసిన మరణాలను జిల్లా జనాభాతో భాగిస్తే రేటు ఊరికే 70 శాతం ఉబ్బుతుంది. పైన ఏ హద్దో, కింద కూడా అదే హద్దు ఉండాలి.

వయసు సవరణ

క్యాన్సర్ ప్రధానంగా పెద్ద వయసు జబ్బు. కుర్రాళ్లు వలసొచ్చే జిల్లానూ, కుర్రాళ్లు వెళ్లిపోయి ముసలివాళ్లు మిగిలిన జిల్లానూ నేరుగా పోల్చకూడదు. లెక్క తెలియడానికి పది లక్షల చొప్పున జనాభా ఉన్న రెండు ఊహా జిల్లాలు తీసుకుందాం. జిల్లాల గడుల్లో మొదటిది జనాభా, రెండోది ఏడాది క్యాన్సర్ మరణాలు. ప్రామాణిక వెయిటేజీ అంటే రెండు జిల్లాలకూ ఒకేలా వాడే లక్ష మంది ఊహా జనాభాలో ఆ వయసువాళ్లు ఎందరో.

| వయసు | ప్రామాణిక వెయిటేజీ | నగరం పక్క జిల్లా | వలసపోయే జిల్లా |
|---|---|---|---|
| 0–29 | 56,000 | 5,50,000 / 22 | 4,50,000 / 18 |
| 30–44 | 18,000 | 2,50,000 / 75 | 2,20,000 / 55 |
| 45–59 | 15,000 | 1,30,000 / 156 | 1,80,000 / 180 |
| 60–74 | 9,000 | 55,000 / 154 | 1,20,000 / 300 |
| 75 పైన | 2,000 | 15,000 / 60 | 30,000 / 114 |

మొత్తం మరణాలు 467, 667. అంటే ముడి రేటు లక్షకు 46.7, 66.7. వలసపోయే జిల్లా ఘోరంగా ఉన్నట్టే ఉంది. ఇప్పుడు వరుసవారీగా కట్టండి. 45–59లో నగరం పక్క జిల్లాకు 156ను 1,30,000తో భాగిస్తే లక్షకు 120. దాన్ని 15,000తో గుణించి లక్షతో భాగిస్తే 18. ఐదు వరుసలకూ ఇలాగే చేసి కూడితే 58.8. రెండో జిల్లాకు 51.8. బొమ్మ తిరగబడింది. ఏ వయసులో చూసినా నగరం పక్క జిల్లాలో రేటు ఎక్కువో సమానమో తప్ప తక్కువ లేదు. ముడి రేటు దాన్ని కప్పేసింది.

ఇక్కడి వెయిటేజీ 1960లో జపాన్ పరిశోధకుడు సెగీ ప్రతిపాదించగా 1966లో డాల్ సవరించిన ప్రపంచ ప్రామాణిక జనాభా. మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం వాడేదీ ఇదే. అసలు లెక్కలో ఐదేళ్ల తరగతులే వాడండి. ఎక్సెల్‌లో సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా ఒక్కటి చాలు. అమెరికాలో కౌంటీలకు మామూలుగా వాడేది 2000 నాటి అమెరికా ప్రామాణిక జనాభా. అందులో ముసలివాళ్ల వాటా ఎక్కువ, అంకెలూ పెద్దవిగా వస్తాయి. వాళ్ల 150 పక్కన మన 50 పెట్టి మనమే నయమనకండి.

ఇంకో కలగాపులగం: 2020 రిజిస్ట్రీ నివేదికలో హైదరాబాద్ జిల్లా మహిళల్లో రొమ్ము క్యాన్సర్ రేటు లక్షకు 48, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో ఎక్కువ. అది కొత్తగా జబ్బు బయటపడ్డవారి లెక్క, మరణాలది కాదు. వార్తల్లో ఈ రెండూ తరచూ ఒకటైపోతాయి.

చిన్న జిల్లాలు

మరణాల సంఖ్యకు వర్గమూలం తీసి 1.96తో గుణిస్తే, కేవలం యాదృచ్ఛికంగా ఎంత అటూఇటూ అవుతుందో వస్తుంది. 400 మరణాలకు 39. అంటే పదో వంతు. 25 మరణాలకు 10. ఐదింట రెండు వంతులు. సుమారు మూడు లక్షల జనాభా ఉన్న ములుగులాంటి జిల్లాలో ఒక్క రకం క్యాన్సర్‌ను ఒక్క ఏడాదికి తీసుకుంటే సంఖ్య చాలా చిన్నదై, నిరుటికీ ఈ ఏటికీ రెట్టింపైనట్టు కనబడవచ్చు. అందుకే మూడేళ్లో ఐదేళ్లో కలపండి. 2020, 2021 మాత్రం పక్కన పెట్టండి. క్యాన్సర్ రోగులు చాలామంది అప్పుడు కోవిడ్ కోడ్ యు07.1లోకి పోయారు. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మరణాల డేటాబేస్ 10 కంటే తక్కువ మరణాలున్న గడిని దాచేస్తుంది, 20 లోపైతే రేటు నమ్మదగింది కాదని రాస్తుంది. ఆ రెండు గీతలూ మనమూ పెట్టుకోవచ్చు.

వయసు తరగతుల్లో సున్నాలు ఎక్కువైతే పరోక్ష పద్ధతి మేలు. రాష్ట్ర వయసువారీ రేట్లు ఆ జిల్లాకు వర్తిస్తే ఎన్ని మరణాలు జరగాలో కట్టి, జరిగినవాటితో పోల్చడం. 60 రావాల్సిన చోట 45 వచ్చాయనుకోండి: నూటికి 75. అటూఇటూ 13 వేస్తే 32 నుంచి 58 మధ్య, అంటే 53 నుంచి 97. నూరు కంటే తక్కువే, కానీ అంచు దగ్గరే ఉంది. ఇక్కడ మళ్లీ ధ్రువీకరణ శాతం చూడాల్సిందే.

పటం గీసేటప్పుడు

జిల్లాలను సమాన సంఖ్యల్లో ఐదు రంగులకు పంచే పద్ధతి వాడకండి. 51కీ 52కీ తేడా లేకపోయినా ఒకటి పసుపు, ఇంకోటి ఎరుపు అయిపోతుంది. రాష్ట్ర సగటు చుట్టూ మూడే రంగులు చాలు: అటూఇటూ హద్దులు పూర్తిగా సగటుకు పైనున్నవి, పూర్తిగా కిందున్నవి, తేల్చలేనివి. మూడో రకంలోనే ఎక్కువ జిల్లాలు పడతాయి. పడనివ్వండి. ఉచితంగా దొరికే జియోడా సాఫ్ట్‌వేర్‌లో చిన్న జిల్లాల రేటును సగటు వైపు జరిపే ఎంపిరికల్ బేయిస్ అనే సదుపాయం ఉంది. దాన్ని వాడితే ముడి పటం కూడా పక్కనే పెట్టండి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు పటాలు. ధ్రువీకరణ సగం కూడా లేని జిల్లాలకు రంగు వేయకుండా అడ్డగీతలు గీసి, శాతం ఆ గీతల మీదే రాయండి. పటం వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు కింద రాసిన వివరణ తెగిపోతుంది, లోపల రాసినదే మిగులుతుంది.