వానలకు ముందు పునాది తీస్తున్నారా? పక్కింటి గోడ జాగ్రత్త

2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్ నగర్‌లో, పక్క స్థలంలో పునాది గుంతలు తీశాక పలు అంతస్తుల ఇల్లొకటి ఒరిగిపోయింది. దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. వంద గజాల స్థలంలో ఇల్లు కట్టే ప్రతివాళ్లకీ ఈ ముప్పు ఉంది.

సిమెంటు, స్టీలు సంగతి మేస్త్రీలే చెబుతారు. కొంపలు ముంచేది వేరే: పక్కింటి గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకేసారి తవ్వడం. జేసీబీ అద్దె గంటల లెక్క కాబట్టి ఒక్క పూటలో తేల్చేస్తారు. పాత ఇళ్లకు చాలావాటికి పిల్లర్లుండవు, మూడు నాలుగడుగుల రాతి పునాదే. దాని కింది మట్టి పక్కకు జారకుండా ఆపుతున్నది మీ స్థలంలోని మట్టే. అది తీసేసి ఆరడుగులు దించితే ఆ మట్టి మీ గుంతలోకి జారుతుంది, వెనకే గోడ.

ముందు పక్కింటి గోడ దగ్గర రెండడుగుల వెడల్పు గుంత చేత్తో తీయించి, వాళ్ల పునాది లోతు చూడండి. మీది అంతకంటే కిందికి పోతుంటే ముక్కలుగానే తవ్వాలి. ఇరవై అడుగుల గోడైతే నాలుగడుగుల ముక్కలు ఐదు: ముందు 1, 4, తర్వాత 2, 5, చివర 3. ఒక్కో ముక్కలో పోసిన పునాది కాంక్రీటు గట్టిపడి, సందులో మట్టి దిమ్మిస కొట్టాకే తర్వాతి ముక్క.

డ్రాయింగు దశలోనే సరిహద్దు పిల్లరును లోపలి పిల్లరుతో స్ట్రాప్ బీము (రెండు పిల్లర్ల అడుగులను కలిపే కాంక్రీటు దూలం) వేసి కలపమని స్ట్రక్చరల్ ఇంజనీరుకు చెప్పండి. లేదంటే ఫుటింగు (పిల్లరు అడుగున వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) మీ స్థలంలో పట్టక పక్కింటి పునాది కిందికి తొలుస్తారు. సెల్లారు వద్దు, కారుకు స్టిల్టు (పిల్లర్ల మధ్య ఖాళీగా వదిలిన కింది అంతస్తు) చాలు.

నీళ్ల సంపు కూడా గుంతే. గోడకు దూరంగా పెట్టండి.

జూన్‌లోపు ప్లింత్ బీము (నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే దూలం) పడదనుకుంటే వానలు వెళ్లాకే మొదలెట్టండి.

తీసిన మట్టి గుంత అంచున పొయ్యొద్దు, ఆ రోజే లారీకెత్తించండి.

గుంతలో ఊటనీళ్లు తోడేటప్పుడు మట్టిరంగులో వస్తుంటే మోటారు ఆపండి. పక్కింటి కింది ఇసుక కొట్టుకొస్తోందన్నమాట.

ఐదడుగులు దాటితే పక్కలకు దన్ను కట్టకుండా కూలీని దించొద్దు.

పక్కింటి పగుళ్లకు తేదీతో ఫోటోలు తీసి, అడ్డంగా సన్నని గాజుముక్క సిమెంటుతో అంటించండి. పగులు పెరిగితే గాజు పగులుతుంది.

మేస్త్రీ ఏం కాదన్నా ఒకేసారి తవ్వనివ్వొద్దు.

గాజు పగిలిందా, ముందు ఆ ఇంట్లోవాళ్లను, గుంతలోని కూలీలను బయటికి పంపండి. పైనుంచే మట్టి పోసి గుంత పూడ్చండి. ఇంజనీరు వచ్చి చూసేదాకా మళ్లీ తవ్వొద్దు.