ఇంట్లో పాట రికార్డు చేయడానికి ఏ డబ్బా కొనాలి: మిక్సరా, ఆడియో ఇంటర్‌ఫేసా?

మా ఇంటి అటక మీద పాత దుప్పటి చుట్టిన మిక్సర్ ఒకటి ఉంది. ఎనిమిది చానెళ్లది, వెనక యూఎస్‌బీ ఉన్నది. కొన్నప్పుడు పదకొండు వేలు. రాజమండ్రిలో పెళ్లిళ్లకీ, చర్చి ఆరాధనలకీ కీబోర్డు వాయిస్తూ దాచుకున్న డబ్బు అది. ఎనిమిది చానెళ్లంటే కంప్యూటర్‌లో ఎనిమిది ట్రాకులు విడివిడిగా వస్తాయనుకున్నాను. ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం గాయని, తబలా, ఫ్లూట్, నా కీబోర్డు, అందర్నీ వెనక గదిలో సర్ది, పాట మొత్తం ఒక్క టేకులో లాగించేశాం. రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని చూస్తే తెర మీద ఒకే ఒక స్టీరియో ట్రాకు! తబలా మోత ఎక్కువైంది, గొంతు కింద పడిపోయింది. తబలా తగ్గిద్దామంటే గొంతూ దానితోపాటే తగ్గుతోంది. పులుసులో కలిసిపోయిన ఉప్పుని ఏరి తీయగలమా?

నన్నెవరూ మోసం చేయలేదు. అట్టపెట్టె పక్కన చిన్న అక్షరాల్లో 'యూఎస్‌బీ 2 ఇన్, 2 అవుట్' అని రాసే ఉంది. నాకే అర్థం తెలియలేదు.

ఎన్ని మైకులొచ్చినా కలిపి, ఎడమ కుడి అనే రెండు దారుల్లోకి దించి స్పీకర్లకి పంపడమే మిక్సర్ పని. గుడి దగ్గరైనా, కల్యాణమండపంలోనైనా కావలసింది అదే. చిన్న మిక్సర్లలో చాలావరకు యూఎస్‌బీ కూడా ఆ కలిసిపోయిన రెంటినే కంప్యూటర్‌కి ఇస్తుంది. యమహా ఎంజీ10ఎక్స్‌యూ, బెహ్రింగర్ క్యూ802యూఎస్‌బీ పనికొచ్చే మిక్సర్లే, కానీ వాటినుంచి కంప్యూటర్‌కి చేరేవి రెండే చానెళ్లు. పైగా మిక్సర్ మీద తిప్పిన ఈక్యూ (మంద్ర, తార స్వరాల పాళ్లు మార్చేది), వేసిన రివర్బ్ (ప్రతిధ్వని) పాటకి అంటుకునే వస్తాయి. తర్వాత తీయడమంటూ ఉండదు. ఆడియో ఇంటర్‌ఫేస్ పద్ధతి వేరు. ఏ మైకుని ఆ మైకుగా అంకెల్లోకి మార్చి, దేని ట్రాకు దానికిచ్చేస్తుంది. కలపడం, దిద్దడం తర్వాత తీరిగ్గా మనమే చేసుకుంటాం.

ఇప్పటికే అలాంటి మిక్సర్ ఇంట్లో ఉంటే అమ్మేయకండి. ఒక మైకు పాన్ నాబ్‌ని పూర్తిగా ఎడమకి, రెండోదాన్ని పూర్తిగా కుడికి తిప్పి రికార్డు చేయండి. వచ్చిన స్టీరియో ఫైల్‌ని రెండు మోనో ట్రాకులుగా విడగొడితే గొంతు విడిగా, వాయిద్యం విడిగా దొరుకుతాయి. నేను రెండేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. కొన్ని మిక్సర్లలో కంప్యూటర్ నుంచి వెనక్కి వచ్చే శబ్దం మళ్లీ మెయిన్‌లో కలుస్తుంది. అంటే ముందు రికార్డు చేసిన తబలా కొత్తగా పాడే గొంతు ట్రాకులోకి దూరిపోతుంది. ఈ సంగతి కనిపెట్టేలోపు నాకు మూడు పాటలు పోయాయి. యూఎస్‌బీ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌కి మాత్రమే పంపే బటన్ ఉంటే అది వాడండి. లేకపోతే వెనకటి ట్రాకులు వినడానికి హెడ్‌ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కే గుచ్చుకోండి.

ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, మిక్సర్ కొననా, ఇంటర్‌ఫేస్ కొననా?" అంటే నేను ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను. ఒకే సమయంలో ఎన్ని మైకులు తెరిచి ఉండాలి? బృందంలో ఎంతమంది ఉన్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇంట్లో చేసే పాటల్లో తొంభై పాళ్లు ముందు కీబోర్డు, తర్వాత తాళం, ఆ తర్వాత గొంతు అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేవే. దానికి రెండు ఇన్‌పుట్‌లున్న ఇంటర్‌ఫేస్ చాలు. గాత్రం, వయొలిన్, మృదంగం ఒకర్నొకరు చూసుకుంటూ పాడితేనే కచేరీ నడక వస్తుందనుకుంటే మృదంగానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, మొత్తం నాలుగు మైకులు. ఆ నాలుగు నిజంగా అవసరమా, నెలకి ఎన్నిసార్లు అవసరం అని మిమ్మల్ని మీరే నిలదీసుకోండి. ఏడాదికి రెండుసార్లయితే ఆ రెండు రోజులకీ స్టూడియో అద్దెకి తీసుకోవడమే చవక.

ఇంటర్‌ఫేస్ పేర్లలో ఉండే అంకెల్ని కూడా నా మిక్సర్ చానెళ్లని నమ్మినట్టు నమ్మకండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అంటే రెండు ఇన్‌పుట్‌లు, రెండిటికీ మైకు పెట్టుకోవచ్చు. 4ఐ4 అంటే నాలుగు ఇన్‌పుట్‌లు, కానీ మైకులు రెండే. మిగతా రెండూ వెనక ఉండే లైన్ ఇన్‌పుట్‌లు, అంటే మైకుకి కాక కీబోర్డు లాంటివాటికి పనికొచ్చేవి. మూడో తరం 18ఐ8కి మైకులు నాలుగే, మిగతావి లైన్, డిజిటల్ దారులు. స్కార్లెట్ సోలో అనే మోడల్‌కి ఒక్క మైకు, ఒక్క లైన్. గాయకుడికి సోలో సరిపోతుంది గానీ నాలాంటి కీబోర్డు వాడికి సరిపోదు, ఎందుకంటే కీబోర్డుని స్టీరియోలో తీసుకోవాలంటేనే రెండు కావాలి. అదే 4ఐ4 అయితే వెనక రెంటిలో కీబోర్డు శాశ్వతంగా గుచ్చి ఉంచి, మొదటి రెంటినీ మైకులకి వదిలేయొచ్చు. రోజూ వైర్లు పీకి పెట్టే బాధ ఉండదు. అందుకే 'మైక్ ప్రీఆంప్‌లు ఎన్ని' (మైకు సిగ్నల్‌ని పెంచే భాగాలు) అనే వరుస వెతకండి, మిగతా అంకెల సంగతి తర్వాత.

అసలు డబ్బు పెట్టాల్సింది గెయిన్ మీద, అంటే మైకు సిగ్నల్‌ని ఎంత పెంచగలదన్న దాని మీద. దాన్ని డీబీల్లో (డెసిబెళ్లలో) కొలుస్తారు. మా వీధిలో తెల్లవారితే కోకిల, పక్కింటి కుక్కర్ విజిల్, ఎదురింటి నీళ్ల మోటారు. చిన్న శబ్దాన్నీ పట్టేసే కండెన్సర్ మైకు పెడితే ఇవన్నీ పాటలో కోరస్ పాడతాయి. అందుకే మా ఇంట్లో గొంతుకి షూర్ ఎస్ఎం58 లాంటి, అంత సున్నితం కాని డైనమిక్ మైకే పెడతాను. 1966 నుంచి వస్తున్న మైకు, కిందపడినా ఏమీ కాదు. చిక్కల్లా డైనమిక్ మైకు ఇచ్చే సిగ్నల్ చాలా నీరసంగా ఉంటుంది. పాడ్‌కాస్టుల్లో అందరి మూతి ముందూ కనిపించే ఎస్ఎం7బీ అయితే మరీనూ. దానికి కనీసం 60 డీబీ శుభ్రమైన గెయిన్ కావాలని తయారుచేసినవాళ్లే చెబుతారు. మూడో తరం 2ఐ2లో ఉన్నది 56 డీబీ. నాలుగో తరం సోలోలో 57, ఆడియెంట్ కంపెనీ ఇంటర్‌ఫేస్ ఐడీ4లో 58. నాలుగో తరం 2ఐ2లో 69. చవక డబ్బా కొని, గెయిన్ చాలక, పైన క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ కొనేకంటే ఆ డబ్బు కలిపి ముందే పై మోడల్ తీసుకోవడం మేలు. గట్టిగా పాడే గొంతుకి ఎస్ఎం58తో 56 కూడా సరిపోతుంది. మెల్లగా, లాలిపాటలా పాడే గొంతులకే ఇబ్బంది.

గెయిన్ పెట్టేటప్పుడు 'హలో, మైక్ టెస్టింగ్' అనిపించకండి. చరణంలో తారస్థాయికి వెళ్లే పంక్తి ఏదో అదే పాడించండి. మీటరులో (సున్నా దాటితే శబ్దం పగులుతుంది) అత్యధికం −12 డీబీ దగ్గర ఆగేలా నాబ్ పెట్టండి. పెట్టాక ఇంకో నాలుగు డీబీ తగ్గించండి. ట్రయలే కదా అని మెల్లగా పాడినవాళ్లు ఎర్ర లైటు వెలగగానే గొంతు విప్పుతారు, ఇది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే కాస్త తగ్గినా తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతుని మాత్రం ఏ ప్లగిన్నూ పూర్తిగా అతికించలేదు.

ఇక వాయిద్యాల సంగతి. కాకినాడలో వీణ నేర్పే టీచర్ గారొకరు కొత్త ఇంటర్‌ఫేస్ పని చేయట్లేదని ఫోన్ చేశారు. వీణకి అంటించిన పికప్ (కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే ముక్క) జాక్ పెడితే శబ్దం వస్తోందట, కానీ రేకు డబ్బా మీద మీటినట్టుందట.

"సారణి తీగ వినిపిస్తోందండీ, కింది స్థాయి అనుమంద్రం తీగ మీటితే మాత్రం గాలిలో కలిసిపోతోంది."

"టీచర్ గారూ, ఆ జాక్ పక్కనే 'ఇన్‌స్ట్' అని బటన్ ఉందేమో చూడండి. నొక్కి ఒకసారి మీటండి."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఫోన్‌లోనే అనుమంద్రం మోగింది, గుండెల్లో దిగేలా. "అమ్మయ్య!" అన్నారావిడ.

పీజో పికప్‌ని మామూలు లైన్ ఇన్‌పుట్‌కి పెడితే కింది స్వరాలన్నీ చిక్కిపోతాయి. దానికి 10 లక్షల ఓమ్‌ల ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి, ఆ బటన్ చేసేది అదే. వీణకీ గిటార్‌కీ పికప్ వాడేవాళ్లు ఈ బటన్ గానీ, వాయిద్యాలకని ప్రత్యేకంగా ఇచ్చిన ఇన్‌పుట్ గానీ లేని డబ్బా కొనకూడదు. కీబోర్డుకి ఆ బటన్ ఆపేసి లైన్‌లోనే పెట్టాలి. కండెన్సర్ మైకుంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే మైకుకి అందే కరెంటు) ఉండాలి. అది వేసేముందు, తీసేముందు స్పీకర్ వాల్యూమ్ తగ్గించండి, 'ఠప్' మంటుంది.

పాడేవాళ్లు ఎక్కువగా చేసే ఇంకో ఫిర్యాదు: "నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోందండీ." గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగొచ్చేసరికి పట్టే సమయం అది. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శబ్దం) 512 శాంపిల్స్, వేగం 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిల్స్) అయితే ఒక వైపుకే దాదాపు 11 మిల్లీసెకన్లు, రానూ పోనూ ఇరవై పైనే. ఏడు మీటర్ల అవతల నిలబడి పాడుతున్న మన గొంతుని మనమే వింటున్నట్టు. డైరెక్ట్ మానిటర్ ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకుంటే గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. అందులో మోనో, స్టీరియో ఎంపిక ఉందా చూసుకోండి, లేకపోతే గొంతు ఒక్క చెవిలోనే వినిపించి పాడేవాళ్లు చిరాకు పడతారు. విండోస్ వాడేవాళ్లు ఆ కంపెనీ సొంత ఏసియో డ్రైవర్ (ఈ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) ఇస్తోందో లేదో కొనేముందే కనుక్కోవాలి. 192 కిలోహెర్ట్జ్ అని అట్టపెట్టె మీద ఎంత పెద్దగా రాసినా పట్టించుకోకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. వీడియోకైనా పాటకైనా అది చాలు.

మన ఇళ్లలో ఇంకో శత్రువు కరెంటు. రికార్డింగ్‌లో సన్నగా 'జుయ్' మంటుంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. రెండు పిన్నుల చార్జర్‌తో, ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో ఆ శబ్దం మామూలే, చార్జర్ తీయగానే చాలాసార్లు ఠక్కున పోతుంది. మూడో పిన్ను విరగ్గొడితే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది షాక్ కొట్టే పని. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్‌కి ఇక్కడే ఇంకో లాభం ఉంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద టేకు సాగిపోతుంది. మా మిక్సర్ విడి అడాప్టర్ మీద నడిచేది. వేసవిలో ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ గాయని మూడో చరణంలో ఉండగా అది ఆరిపోయిన మధ్యాహ్నాలు నాకింకా గుర్తే.

మరి మిక్సర్ ఎవరికి? వారం వారం లైవ్ పెట్టేవాళ్లకి. భజన బృందానికీ, ప్రార్థన కూడికకీ స్పీకర్లూ నడవాలి, ఫోన్‌లో లైవూ వెళ్లాలి అంటే చేతికింద శబ్దం పెంచి తగ్గించే ఫేడర్లు ఉండాల్సిందే. ఒక్కరే కూర్చుని పాడుతూ లైవ్ ఇచ్చేవాళ్లకి యమహా ఏజీ03 బాగుంటుంది, ఒక మైకు, కీబోర్డు, వెనక ట్రాకు ఒకేచోట సర్దుకోవచ్చు. ప్రోగ్రాం నడవాలి, ట్రాకులూ విడిగా కావాలంటే జూమ్ ఎల్-8, టాస్కామ్ మోడల్ 12 లాంటివి చానెళ్లని ఎస్‌డీ కార్డులోనే విడివిడిగా రాసిపెడతాయి. ధర ఎక్కువే. బృందమంతా కలిసి వేసుకుంటే భారం అనిపించదు.

ఏది కొన్నా, వెనక్కి ఇచ్చే గడువు లోపలే బాగా సతాయించండి. ఫ్యాన్ ఆపి, మైకు పెట్టి, గెయిన్ ముప్పావు వంతు తిప్పి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేసి వినండి. బుస మరీ ఎక్కువుంటే మీ మైకుకి ఆ డబ్బా చాలదు. ప్రతి నాబ్‌నీ తిప్పుతూ గరగర ఉందా చూడండి. చివరగా ఫోన్‌లో రేడియో పెట్టి, లైన్ ఇన్‌పుట్‌కి గుచ్చి, గంటసేపు ఆపకుండా రికార్డు చేయండి. నేను కొన్న మొదటి ఇంటర్‌ఫేస్ నలభై నిమిషాలు బుద్ధిగా నడిచి, సరిగ్గా వార్తల మధ్యలో 'టిక్' మంది. ఇంకో రెండు నిమిషాలకి మళ్లీ 'టిక్'. వైరు మార్చినా, పోర్టు మార్చినా అదే వరస. మర్నాడే వెనక్కి పంపించాను. దాని బదులు వచ్చిందే ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.