గోదావరి నీటిమట్టం, ప్రవాహం అంకెలు పొసగనప్పుడు: సమస్య - పరిష్కారం

నదిలో మనం నేరుగా కొలిచేది నీటిమట్టాన్నే; ప్రవాహాన్ని చాలాసార్లు ఆ మట్టం ఆధారంగా లెక్కగట్టి తీసుకుంటాం. గోదావరి భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద అవే హెచ్చరికలకు 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహం కొలమానం. లంక గ్రామాలను ఎప్పుడు ఖాళీ చేయించాలో ఈ అంకెలే చెబుతాయి కనుక, అంకె మీద అనుమానం వచ్చిన వెంటనే తప్పు మట్టంలో ఉందా, లెక్కలో ఉందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మట్టం సరిచూడకుండా లెక్క జోలికి వెళ్లకూడదు.

సమస్య: మట్టాన్ని తనంతట తానే నమోదు చేసే రికార్డర్ చూపే అంకె, నీటిలో పాతిన గేజ్ పలక (కొలత గీతలున్న పలక) మీద అంకె కలవడం లేదు.

ఇక్కడ పలకనే ప్రమాణంగా తీసుకోవాలి. అయితే దానిని జాగ్రత్తగా చదవాలి: అలలు కొడుతున్నప్పుడు నీరు లేచిన చోటును, దిగిన చోటును కొన్నిసార్లు చూసి సగటు రాసుకోవాలి. తర్వాత తేడా ఎలా మారుతోందో గమనించాలి. అన్ని మట్టాల వద్దా తేడా ఒకేలా ఉంటే రికార్డర్ సున్నా గుర్తు పక్కకు జరిగిందని అర్థం. దగ్గరి బెంచ్ మార్కు (ఎత్తు ముందే తేల్చి ఉంచిన గుర్తు) నుంచి లెవెలింగ్ చేసి, అంటే ఎత్తుల తేడా కొలిచి, సరిచేయాలి. ఘాట్ మెట్ల వెంట వరుసగా పాతిన పలకల్లో ఒక పలక దగ్గర మాత్రమే తేడా కనిపిస్తే, వరదలో కొట్టుకొచ్చిన మాను తగిలి అది ఒరిగి ఉండవచ్చు.

నది పెరుగుతున్నప్పుడు రికార్డర్ తక్కువగా, తగ్గుతున్నప్పుడు ఎక్కువగా చూపుతుంటే, నది నుంచి గేజ్ బావిలోకి (రికార్డర్ మట్టం కొలిచే బావిలోకి) నీరు తెచ్చే గొట్టం ఒండ్రుతో పూడుకుపోయిందని అనుమానించాలి. బావిలో నాలుగు బకెట్ల నీళ్లు పోసి చూస్తే సంగతి తెలుస్తుంది: గొట్టం బాగుంటే పెరిగిన మట్టం త్వరగా నది మట్టానికి దిగుతుంది, పూడితే అక్కడే తచ్చాడుతుంది. ఒత్తిడితో నీరు పంపి గొట్టాన్ని కడగాలి. పూడిన కాలంలోని రికార్డుకు ఒకే తేడా కలిపి సరిపెట్టడం తప్పు. ఆ గంటలకు పలక చదివిన అంకెలనే వాడి, ఆ విషయం పక్కన రాయాలి.

సమస్య: టెలిమెట్రీ అంకె (పరికరం దూరం నుంచి తనంతట తానే పంపే అంకె) గంటల తరబడి కదలడం లేదు, లేదా ఒక్కసారిగా ఎగిరిపడుతోంది.

వరద వేళ మట్టం సెంటీమీటరు కూడా మారకపోతే ముందుగా సమాచారం వచ్చిన సమయం చూడాలి. పాత అంకే మళ్లీ మళ్లీ వస్తుండవచ్చు, లేదా నీటి మీద తేలే ఫ్లోట్ ఇరుక్కుని ఉండవచ్చు. రాత్రి చివరిజామున సమాచారం ఆగి, ఎండెక్కాక తిరిగి వస్తుంటే బ్యాటరీని, సోలార్ పలక మీది దుమ్మును చూడాలి. వంతెనకు బిగించిన రాడార్ సెన్సర్ కింద చెట్లూ చెత్తా చేరితే మట్టం ఉన్నట్టుండి పెరిగినట్టు చూపుతుంది. చెత్త తొలగించే వరకు పలకే గతి.

సమస్య: భద్రాచలం మట్టాన్ని ఒకచోట 53 అని, మరోచోట 48.77 అని చూపుతున్నారు.

రెండూ ఒకటే. మొదటిది స్థానిక గేజ్ మీద అడుగుల్లో, రెండోది సముద్రమట్టం నుంచి మీటర్లలో. మీటర్ల అంకె నుంచి 32.61 తీసివేసి 3.281తో హెచ్చిస్తే అడుగులు వస్తాయి. 1986 ఆగస్టు 16న నమోదైన 75.6 అడుగుల రికార్డు మట్టం ఈ లెక్కన 55.66 మీటర్లు. ప్రవాహం అంకెలు దాదాపు 35 రెట్లు తేడాగా కనిపిస్తే క్యూసెక్కులను (సెకనుకు ఘనపుటడుగులు), క్యూమెక్కులను (సెకనుకు ఘనపు మీటర్లు) కలగలిపారని గుర్తించాలి.

సమస్య: మట్టం సరిగానే ఉంది, కానీ దాని నుంచి తీసిన ప్రవాహం దిగువ కేంద్రాలతో పొసగడం లేదు.

ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఫలానా మట్టానికి ఫలానా ప్రవాహం అని చెప్పే రేటింగ్ కర్వ్, నీటి ఉపరితలం వాలు మామూలుగా ఉన్నంతవరకే నిలుస్తుంది. వరద పెరిగేటప్పుడు వాలు ఎక్కువ కనుక అదే మట్టానికి ఎక్కువ నీరు పోతుంది, తగ్గేటప్పుడు తక్కువ పోతుంది. భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది. శబరి కూడా పొంగి ఉన్నప్పుడు గోదావరి నీరు వేగంగా కిందికి జారలేక, అంతే ప్రవాహానికి మట్టం పైకి లేస్తుంది. గోదావరి బలంగా ఉన్నప్పుడు ఎగపోటు (వెనక్కి తన్నే నీరు) చింతూరు వైపు శబరిలోకి పాకుతుంది. అటువంటి రోజున ఒక్క గేజ్ అంకెతో కర్వ్ చూసి చెప్పిన ప్రవాహాన్ని నమ్మడం, నా దృష్టిలో, ప్రజల భద్రతతో చెలగాటమాడడమే. దిగువన మరో గేజ్ చదివి రెండింటి మధ్య వాలును లెక్కలోకి తేవాలి. పరిస్థితి అనుకూలిస్తే కరెంట్ మీటరుతోనో (నీటి వేగం కొలిచే పరికరం), ఏడీసీపీతోనో (ధ్వని తరంగాలతో నీటి వేగం కొలిచే పరికరం) ప్రవాహాన్ని నేరుగా కొలవాలి.

ఎగపోటు లేకున్నా, వరద తీశాక తేడా అలాగే మిగిలితే నది అడుగు మారిందన్నమాట: ఇసుక కోసుకుపోయిందో, మేట వేసిందో తేల్చాలి. నది అడ్డుకోత (ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డు దాకా అడుగు ఆకారం) మళ్లీ సర్వే చేసి, తక్కువ మట్టాల నుంచి మొదలుపెట్టి కొత్తగా కొలతలు తీసుకోవాలి, ఎందుకంటే అడుగు మార్పు ప్రభావం వేసవి ప్రవాహాల లెక్క మీద ఎక్కువగా పడుతుంది. కొత్త కర్వ్ ఏ తేదీ నుంచి వర్తిస్తుందో రిజిస్టరులో స్పష్టంగా రాసి, పాత అంకెలను చెరపకుండా ఉంచాలి.