ఎండలు ముదరకముందే బే లారెల్ కుండీని మిద్దె మీద నుంచి దించండి

శివరాత్రి దాటిందంటే మా అనంతపురంలో మధ్యాహ్నం పూట మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. కుండీ మాత్రం రోజంతా ఆ గచ్చు మీదే ఉంటుంది. పోయిన మేలో నా బే లారెల్, అదే వంటల్లో వేసే సువాసన ఆకుల చెట్టు, అలాగే పోయింది. ఆకులు వాడుతున్నాయని టెన్షన్‌తో రోజుకు రెండుసార్లు నీళ్లు పోశాను, తీరా కుండీ బోర్లిస్తే అడుగున బురద, వేర్లు గోధుమరంగుకు తిరిగి గోటితో లాగితే తొక్క ఊడొచ్చేంత మెత్తబడి ఉన్నాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు వేడికి దెబ్బతిన్నాయి, నా నీళ్లకు కుళ్లిపోయాయి.

ముందు మీ దగ్గరున్నది ఏ చెట్టో చూసుకోండి. మన బిర్యానీ ఆకుకు మూడు ఈనెలు పొడవునా ఉంటాయి, అది దాల్చినచెక్క జాతి. బే లారెల్ మధ్యధరా ప్రాంతపు చెట్టు, ఆకు నడుమ ఒకటే ఈనె. ఎవరైనా కొమ్మ ఇస్తే ఆకు నలిపి వాసన చూడండి, ఘాటైన వాసన రాకపోతే వంటింట్లోకి రానివ్వకండి. గన్నేరు ఆకు కూడా పొడుగ్గా దళసరిగానే ఉంటుంది, అది విషం.

ఇప్పుడే మట్టి కుండీలోకి మార్చి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు వరండాలో రెండు ఇటుకల మీద పెట్టండి. ఏప్రిల్ వచ్చాక మాత్రం కుండీ మార్చడం, కత్తిరింపు, ఎరువు ఏవీ వద్దు. మట్టి మీద రెండు వేళ్ల మందాన శనక్కాయ పొట్టు పరవండి, మొదలుకు మాత్రం ఆననివ్వకండి. వేలు పెట్టి చూసి పైమట్టి ఆరితేనే తెల్లవారుజామున నీళ్లు పోయాలి. మధ్యాహ్నం ట్యాంకు కొళాయి తిప్పితే వచ్చేవి వేణ్ణీళ్లే.

బోరు నీళ్ల ఉప్పు ఇంకో బెడద. కుండీ అంచున తెల్లగా పేరుకుని, ఆకుల అంచులు మాడుతుంటే ఒకసారి మంచినీళ్లు ధారాళంగా పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. ఆకులు జిగటగా ఉండి చీమలు ఎక్కుతుంటే ఈనెల వెంట పొలుసు పురుగు ఉన్నట్టే. తడిగుడ్డతో తుడవండి, వేపనూనె కొడితే సాయంత్రమే కొట్టండి.

కొమ్మలు నాటాలని ఎంత ఆశ ఉన్నా వానలు పడేదాకా ఆగండి. జులై, ఆగస్టుల్లో సగం ముదిరిన జానెడు కొమ్మ తీసుకుని, కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన దాంట్లో గుచ్చి, పైన పాలిథిన్ కవర్ కప్పి నీడలో పెట్టండి. వేరు రావడానికి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మధ్యలో పీకి చూడకండి, వచ్చే లేతవేరు తెగిపోతుంది. కుండీ అడుగు రంధ్రంలో తెల్లవేరు కనిపించాకే కదపండి.