వరద రాకముందే మన వీధిని సిద్ధం చేసుకోవడం ఎలా?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగాయి. పడవలు, డ్రోన్లు వచ్చేదాకా చాలా కుటుంబాలకు దిక్కయింది పై అంతస్తు, పక్కింటి డాబా. ఆ ఆసరాను వీధివాళ్లే ముందుగా కలిసి ఆలోచించి, గీసుకుని, చేసి చూసుకోవచ్చు. సోషల్ డిజైన్ అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

1. ఒక ఆదివారం పొద్దున పదిమంది కలిసి వీధంతా నడవండి. పోయినసారి నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంటింటా అడిగి, గోడ మీద సుద్దతో గీత గీయండి. మూతలేని మ్యాన్‌హోళ్లు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు రాసుకోండి.

2. నడిరోడ్డు మీద ముగ్గుపిండితో వీధి పటం వేయండి. కాగితం పెడితే పెన్ను చదువుకున్నవాళ్ల చేతికే పోతుంది. ముగ్గయితే ఆడవాళ్లు, పిల్లలు ముందుకొస్తారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకే బాగా తెలుసు. నడవలేని మనిషి ఉన్న ఇంటి దగ్గర చింతగింజ, ఎక్కడానికి వీలున్న డాబా దగ్గర ఆకు పెట్టండి. సందు చివరి గుడిసెలవాళ్లనూ, అద్దెకుండేవాళ్లనూ పేరుపెట్టి పిలవండి. అందరూ మర్చిపోయేది వాళ్లనే. తర్వాత ఫొటో తీసి, కాగితం మీదికి ఎక్కించండి.

ఇక్కడో మాట. "మీకేం సాయం కావాలి?" అంటే చాలామంది మొహమాటపడి "ఏం వద్దండీ" అంటారు. "ఆ రాత్రి ఏం చేశారు?" అని అడగండి. డయాలసిస్ తప్పిపోయిన సంగతి, మందులు తడిసిన సంగతి అప్పుడు బయటికొస్తాయి.

3. సాయం కావలసిన ప్రతి మనిషికీ తోడుగా వెళ్లే ఇద్దరిని అనుకుని, పేర్లు రాసుకోండి. ఒకరు ఊళ్లో లేకపోయినా ఇంకొకరుంటారు. ఈ జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒకరి జబ్బు సంగతి ఊరందరికీ తెలియనక్కర్లేదు, పైగా వరదలో ఫోన్ చార్జింగ్ ఉండదు. లామినేషన్ చేయించి, బాధ్యత తీసుకున్నవాళ్ల ఇళ్లలో ఉంచండి. 112, 108 నంబర్లు దానిమీదే రాయండి.

4. ఒక సాయంత్రం రిహార్సల్ చేయండి. ఇది మాత్రం మానొద్దు. నడవలేని మనిషి బదులు కుర్చీకి 25 కిలోల బియ్యం బస్తా కట్టి, లైట్లు ఆపి, డాబా మెట్లు ఎక్కించి చూడండి. మెట్లు ఇరుకని, గేటు తాళంచెవి ఓనరు దగ్గరుందని అప్పుడే తెలుస్తుంది. కుదరకపోతే డాబా మార్చండి.

5. పటం కాపీ ఒకటి వార్డు సచివాలయంలో ఇవ్వండి.

ఏటా మృగశిర కార్తెకు ముందు ముగ్గు మళ్లీ వేయండి. ఈలోపు అద్దెవాళ్లు మారతారు, నిరుడు నడిచినవాళ్లు మంచాన పడతారు, కొత్త బిడ్డలు పుడతారు.