గైడ్ రైలు బిగింపు నాబ్‌లకు ఒక మార్పు

రంపం తిన్నగా నడిచేందుకు చెక్కపై పరిచే, గాడి ఉన్న అల్యూమినియం పట్టీని గైడ్ రైలు అంటారు. రంపం కావలసిన చోట ఆగేలా దాని మీద బిగించే స్టాపులకు ఉండే చిన్న గుండ్రటి నాబ్‌లు, ముఖ్యంగా మన ఒంగోలు, కావలి ఉక్కపోతలో, చెమట చేతికి జారిపోతూ గట్టిగా బిగియవు. వాటి స్థానంలో ఎత్తి తిప్పుకునే రాచెట్ లీవర్లు అమర్చుకుంటే, బిగించిన తరువాత పిడిని రంపానికి అడ్డురాని వైపుకు మళ్లించవచ్చు. కొనే ముందు పాత బోల్టును దుకాణానికి తీసుకువెళ్లి మర సరిచూసుకోవాలి. ఎం6 (6 మిల్లీమీటర్ల వ్యాసం) బోల్టుకు సాధారణంగా మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు, ఎం8 (8 మిల్లీమీటర్ల వ్యాసం)కు 1.25. పొడవు అంతకంటే ముఖ్యం, ఎందుకంటే బోల్టు పొడవెక్కువైతే దాని కొన గాడి అడుగున ఆని, బిగిసినట్లే అనిపించినా పట్టు ఉండదు. ఆ తేడాను వాషర్లతో సరిచేయవచ్చు. సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీలు మరలున్నవే మేలు. లీవరుతో బలం ఎక్కువగా పడుతుంది కాబట్టి, అల్యూమినియం గాడి వంగేంతగా బిగించకూడదు.